ఒకే పోలిక పుంజులు

బోర్డులామె చెయ్యి వణకదు. నిచ్చెన చివరి మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, కింద లారీలు గోడను అదరగొడుతూ పోతున్నా, నిలువెత్తు అక్షరం రాసి దిగినప్పుడు వణకలేదు. దుకాణాల వాళ్ళంతా కుంచె రాతలు మానేసి ఫ్లెక్సీలు కట్టుకున్న ఏడాది, రంగు డబ్బాల మూతలు బిగుసుకుపోయి ఊడనంటే ఊడనని మొరాయించినప్పుడూ వణకలేదు. అలాంటి చేతి మీద ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు అభాండం పడింది. అది చెయ్యి కాదు, మిషనని.

అన్నది మనిషైతే బోర్డులామె అక్కడికక్కడే ఉతికి ఆరేసేది. అన్నది ఫోన్లో సరుకులమ్మే అంగడి. దానికి చొక్కా లేదు, పట్టుకుని నిలదీయడానికి.

ఫ్లెక్సీలు వచ్చాక ఆమె గోడలు వదిలి రేకులకు దిగింది. మొగుడు రేకు పనివాడు. ఖాళీ నూనె డబ్బాలు కోసి, చెయ్యి తెగకుండా అంచులు మడిచి, జానెడు పలకలు చేసిస్తాడు. వాటి మీద ఆమె తలుపులకు తగిలించుకునే బోర్డులు రాస్తుంది. 'లోపల మనుషులున్నారు, నెమ్మదిగా తిట్టుకోండి' అని ఒకటి. 'కుక్క మంచిదే, మా ఆయనతోనే జాగ్రత్త' అని ఒకటి. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది మాత్రం అక్షరం ముక్క లేని పుంజు బొమ్మ. ఎర్ర జుట్టు, పసుపు కాళ్ళు, నల్లాకుపచ్చ తోక. తోకకు ఏడు గీతలు. గీతకొక్కసారి రంగులో కుంచె ముంచడం, ముంపుకొక్క ఊపిరి. గీత మధ్యలో కుంచె ఎత్తితే ఆ రేకు తుడిచేయడమే.

రేకు తడి ఆరాక తక్కిన పనంతా ఆడపడుచుది. మొగుడి చెల్లెలు, మేడ మీది గదిలో ఉంటుంది. నలభై దాటింది, అయినా వదిన నోట ఇంకా 'పిల్ల'నే. బట్టల కొట్లో బిల్లులు కొట్టే ఉద్యోగం పోయిన రోజే ఫోను చేతబట్టుకుని కిందికి దిగి, "వదినా, నీ పుంజుల్ని నేను అమ్ముతా" అంది. ఆరేళ్ళయింది. ఫొటో తీయడం, వర్ణన రాయడం, పార్శిలు మీద చీటీ అచ్చు కొట్టడం, వారం రోజుల పోస్టులు ఆదివారమే రాసి వేళకు వాటంతటవే పడేలా పెట్టడం, ఏ రేకు ఏ అరలో ఉందో చెప్పే షీటు నడపడం అన్నీ ఆమే. వదిన చేతికి రంగు వదలదు, మరదలి చేతికి ఫోను వదలదు. ఇద్దరి మధ్యా మొగుడికి అన్నం దొరికిన పూట దొరికినట్టు.

గొడవకు మూలం ఒక ఫారం. ఆ అంగడి కొత్తగా 'చేతిపని ముద్ర' అని ఒకటి పెట్టింది. ముద్ర ఉన్న సరుకు ఒక వైపు, లేనిది ఇంకో వైపు. సోమవారం ఆ ఫారం వచ్చినప్పుడు ఆడపడుచు పార్శిళ్ళు వేయడానికి పోయింది. ఆమె వచ్చేదాకా ఆగితే ఈ కథే లేదు. బోర్డులామె కళ్ళజోడు పెట్టుకుని, కుంచె పట్టినంత శ్రద్ధగా వేలు పట్టి, పద్నాలుగు ప్రశ్నలకూ తానే జవాబు పెట్టింది. తొమ్మిదోది ఇలా ఉంది: 'బొమ్మ వేయడానికి ముందే తయారు చేసిన నమూనా ఏదైనా వాడతారా?' ఆమె 'అవును' నొక్కింది.

ఉన్నమాటే మరి. బోర్డులు రాసేవాళ్ళ దగ్గర బెజ్జాల కాగితం ఉంటుంది. బొమ్మ గీతల వెంట సూదితో సన్నగా బెజ్జాలు పొడిచి పెట్టుకుంటారు. ఆ కాగితాన్ని రేకు మీద పరిచి, గుడ్డలో కట్టిన సుద్దపొడి మూటతో తడితే, బెజ్జాల్లోంచి పొడి దిగి చుక్కలు పడతాయి. చుక్కలు దారి చూపిస్తాయి, అంతే. ఆ దారిన కుంచె నడిపించాల్సింది చెయ్యే. పుంజు కాగితం బోర్డులామె పెళ్ళికి ముందు తన చేత్తో పొడుచుకున్నది. అంచులు నలిగితే వెనక గుడ్డ అంటించింది, అంతేగానీ మార్చలేదు.

మంగళవారం ఆడపడుచు జవాబు పైకి చదివింది. "మీరు ఈమధ్య పెట్టిన రెండువందల పన్నెండు పుంజు బొమ్మల ఫొటోలను పోల్చి చూశాము. పోలిక నూటికి నూరు శాతం. నమూనా వాడుతున్నట్టు మీరే తెలిపారు. కాబట్టి ఏడు రోజుల్లో మీ సరుకును ముద్రిత వస్తువుల విభాగానికి..."

"నూటికి నూరా?" బోర్డులామె కుంచె పక్కన పెట్టింది. "ఒక్కటి కూడా తగ్గలేదా?"

"మురిసిపోకు వదినా. అది పొగడ్త కాదు, తిట్టు."

"తిట్టేవాడు నూరు వేసి తిడతాడా?"

"వింటున్నావా నువ్వు? కాఫీ కప్పుల పక్కన, ఫోను కవర్ల పక్కన పడేస్తారు మనల్ని. చేతిపని అని వెతికేవాళ్ళకి మనం కనబడం. ఆరేళ్ళుగా జనం రాసిన పదమూడు వందల మెచ్చుకోళ్ళు చేతిపని విభాగంలోనే ఉండిపోతాయి, మనతో రావు. అసలు ఆ తొమ్మిదో దానికి అవునని ఎవరు పెట్టమన్నారు?"

"అడిగారు, చెప్పాను."

"అడిగినదానికల్లా చెప్పేస్తావా! బట్టల కొట్లో ఒక్క పూట పనిచేసుంటే తెలిసేది నీకు."

అప్పీలు చేసుకోవచ్చని కింద సన్నక్షరాల్లో ఉంది. ఆడపడుచు చేసింది. శుక్రవారం మూడు గంటలకు పరిశీలకురాలు వీడియోలో మాట్లాడుతుందని తిరుగు జవాబు వచ్చింది.

ఈలోగా ఆడపడుచు ఊరికే కూర్చోలేదు. బుధవారం సాయంత్రం ఫోను తెచ్చి చూపించింది. ఫొటోలు దిద్దే యాపు ఒకటుంది, వేలితో లాగితే బొమ్మ ఎటు కావాలంటే అటు వంగుతుంది. ఒక పుంజుకు తోక కిందికి జారింది. ఇంకోదానికి మెడ సాగింది. మూడోదానికి ఒక కాలు లావెక్కింది.

"ఇవి ఎవరివి?"

"నీవే. కొంచెం తేడా ఉంటే చెయ్యి అని నమ్ముతారట. మిగతావాళ్ళంతా ఇదే చేస్తున్నారు."

బోర్డులామె కళ్ళజోడు పైకి తోసింది. "ఇది పుంజా, తడిసిన చీపురా? దీనికేమొచ్చింది, బోదకాలా? ఇంకా నయం, తలకాయ వెనక్కి పెట్టావు కాదు. తీసెయ్."

"వదినా, ఫొటోలోనే కదా..."

"కొన్నవాడి ఇంటికి చక్కటి పుంజు పోతుంది. వాడు ఫొటో చూసి, రేకు చూసి, ఏ పుంజును నమ్మాలి? తీసెయ్ పిల్లా, నా కళ్ళ ముందే."

తీసేసింది. కానీ గురువారం పొద్దున వదిన ఒక్కతే పనిగదిలో కూర్చుని ఏం చేసిందో ఆడపడుచుకు చెప్పలేదు. చుక్కలు అద్దిన రేకు ముందు పెట్టుకుని, తప్పు చేయడం ఎంతసేపు అనుకుంది. రెండు గీతలు మామూలుగా వేసి మూడోది వణికించాలని చూసింది. చెయ్యి మాట వినలేదు. దారి తెలిసిన ఎద్దు, పగ్గం అటు లాగినా ఇంటివైపే నడిచినట్టు, చుక్కల వెంటే పోయింది. నాలుగోదానికి బలవంతంగా మణికట్టు కుదిపింది. గీత మెలిక తిరిగింది. వెనక్కి జరిగి చూసింది. తాగినవాడు వేసినట్టు కూడా లేదు, తాగినట్టు నటించేవాడు వేసినట్టుంది. టర్పెంటైన్ గుడ్డ తీసుకుని, రేకు మెరిసేదాకా తుడిచింది. ఒంటరిగానే ఉన్నా ఎవరో చూసినట్టు మొహం వేడెక్కింది.

శుక్రవారం మూడింటికి ఫోనును ఎర్రరంగు డబ్బాకు ఆనించి కూర్చున్నారు. తెర మీద చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న అమ్మాయి, ముప్పై కూడా ఉండవు. మాట మెత్తగా ఉంది.

"మేడమ్, మీ ఫొటోలన్నీ వందకు వంద ఒకేలా ఉన్నాయి. చేత్తో వేస్తే అలా రావడం కుదరదు కదా?"

"ఎందుక్కుదరదమ్మా? కుదురుతుందనే కదా నేర్చుకుంది."

"కొంచెమైనా తేడా ఉంటుంది మేడమ్. ఇక్కడ చుక్క కూడా మారలేదు. నీడ కూడా ఒకేచోట ఉంది."

నీడ మాట వినగానే ఆడపడుచు మెడ వంచింది. "అదీ... ఫొటో ఒకటేనండీ" అంది గోడకు చెబుతున్నట్టు.

"ఏంటండీ?"

"రేకు రేకుకీ గుడ్డ పరచాలి, వెలుతురు చూడాలి, సర్దాలి. ఎలాగూ మా వదిన పుంజుల్లో తేడా ఉండదు కదా అని, మొదటిదానికి తీసి, తర్వాత నకలు బటన్ నొక్కుకుంటూ పోయానండీ."

"ఎన్నిసార్లు?"

"రెండొందల పదకొండు."

బోర్డులామె మెల్లగా మరదలి వైపు తిరిగింది. మూడు రోజులుగా లోలోపల దాచుకుని చప్పరిస్తున్న ఆ నూరు మార్కులు నోట్లోనే చేదెక్కాయి. కెమెరా ముందు ఇంటి పరువు తీయకూడదని ఊరుకుంది.

పరిశీలకురాలు మాత్రం తేలికపడింది. ఒకటికి రెండుసార్లు నవ్వింది కూడా. "అయితే సులువే మేడమ్. విడివిడిగా ఫొటోలు పెట్టేయండి. ఇక తొమ్మిదో ప్రశ్న ఒక్కటే. ఇప్పుడు నా ముందు, ఆ కాగితం లేకుండా ఒక పుంజు వేసి చూపించండి. నేను 'కాదు' అని మార్చేస్తాను. ముద్ర ఈ రోజే వచ్చేస్తుంది. వేయగలరా?"

"వేయగలను."

ఆడపడుచు అప్పటికే రేకు ముందుకు జరిపింది. కుంచె తుడిచి అందించింది.

"వేయను" అంది బోర్డులామె.

ఆడపడుచు కెమెరాకు కనబడకుండా బల్ల కింద వదిన మోకాలు పట్టుకుని ఊపింది.

"ఎందుకు మేడమ్? ఐదు నిమిషాల పని."

"నాకు రెండు నిమిషాలే. కళ్ళు మూసుకున్నా తోక తప్పు పోదు. కానీ చూడమ్మా, ఇవాళ కాగితం లేకుండా వేసి చూపిస్తే, నిన్నటిదాకా కాగితంతో వేసినవన్నీ దొంగవని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. నావే కాదు. బెజ్జాల కాగితం పెట్టుకుని గోడలు రాసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసా? ఎండలో నిచ్చెన మీదే బతుకు వెళ్ళదీశారు. వాళ్ళందర్నీ మిషన్లని ఫారంలో రాయించుకుంటావా, నా చేత?"

"అలా అనడం లేదు మేడమ్. నమూనా అంటే..."

"నువ్వు చిన్నప్పుడు గీతల పుస్తకంలో రాసుంటావు. రాసింది పుస్తకమా, నువ్వా?"

పరిశీలకురాలు పక్కకు చూసి, మళ్ళీ తెర వైపు చూసింది. "నేను మీకు సాయం చేద్దామనే చూస్తున్నాను మేడమ్."

"తెలుసు తల్లీ. నీ మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ తొమ్మిదో ప్రశ్న మీదే. అడిగినవాడు ఎప్పుడూ కుంచె పట్టినవాడు కాదు. 'అవును, అయినా చెయ్యే' అని ఒక జవాబు పెట్టమను. అప్పుడు నొక్కుతా."

"ఆ జవాబుకి ఫారంలో చోటు లేదు మేడమ్."

"చెయ్యమను."

"పైకి రాస్తాను" అందా అమ్మాయి, నిజంగా రాసేలాగే. "కానీ మంగళవారం లోపు ఏమీ తేలదు. అప్పటికి మీ సరుకు మారిపోతుంది."

తెర నల్లబడింది. ఆ మరుక్షణం ఇల్లు దద్దరిల్లింది.

"ఒక్క పుంజు! ఒక్క పుంజు వదినా! చెయ్యి నొప్పి పుట్టేదా? కుంచె అరిగిపోయేదా?"

"నువ్వు ఒకే ఫొటో పెట్టకపోతే ఇంతదాకా వచ్చేదా?"

"నువ్వు అవునని నొక్కకపోతే వచ్చేదా?"

మొగుడు కోసిన రేకుల కట్టతో గుమ్మంలోకి వచ్చి, పరిస్థితి చూసి, "ఎవరిది తప్పు?" అన్నాడు. నోరు మూసుకుని వెనక్కి తిరిగివుంటే బాగుండేది.

"మీదే!" "నీదే అన్నయ్యా!" రెండు నోళ్ళూ ఒక్కసారే లేచాయి. రేకులు గుమ్మంలోనే దించి, అతను చెప్పులు వెతుక్కున్నాడు.

అతను పోయాక ఆడపడుచు గొంతు దిగింది. దిగినకొద్దీ పదునెక్కింది. "నీ పంతం గెలిచింది. బాగుంది. మరి నా ఆరేళ్ళు? పార్శిలు నలిగొచ్చిందని ఏడ్చినావిడని ఊరుకోబెట్టింది నేను. పుంజు ఎక్కడ తగిలించాలని గోడ ఫొటో పంపినాయనకి మేకు చోటు గుర్తు పెట్టి పంపింది నేను. ఆ పదమూడు వందల్లో సగం నన్ను మెచ్చుకుని రాసినవే. నువ్వు వేయను అన్నప్పుడు నన్నొక్క మాట అడిగావా?"

ఉన్నమాట అంతే, ఎదురు మాట పుట్టనివ్వదు. "అడగలేదు" అంది బోర్డులామె. ఆడపడుచు మెట్లెక్కి పోయింది.

శనివారం కిందికి దిగలేదు. బోర్డులామె నాలుగు పుంజులు వేసింది, ఒక్కసారి కూడా మేడ వైపు చూడలేదని తనకు తాను చెప్పుకుంటూ పదిసార్లు చూసింది. ఆదివారం పొద్దున్నే ఆడపడుచు తెల్లగుడ్డ, చిన్న స్టాండు తీసుకుని వచ్చి, కిటికీ దగ్గర పరిచింది. అరల్లో ఉన్న ముప్పై ఒక్క పుంజుల్నీ ఒక్కొక్కటే పెట్టి ఫొటో తీసింది. వదిన రేకులు అందించింది, మరదలు నొక్కింది. పన్నెండోదాని దగ్గర "వంచకు, మెరుపు కొడుతోంది" అనడంతో మాటలు మొదలయ్యాయి.

తీసిన ఫొటోలను పోలిక చూసే యాపులో వేసింది. చక్రం తిరిగి తిరిగి అంకె వచ్చింది. తొంభై నాలుగు.

"తొంభై నాలుగా?" బోర్డులామె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ ఆరు ఎక్కడ పోయాయి? చూపించు."

ఇద్దరూ తెర మీద వేళ్ళతో పెద్దది చేసుకుంటూ వెతికారు. ఒకదానికి జుట్టు మీది మూడో మొన కాస్త పొట్టి. ఒకదానికి కాలిగోరు వెంట్రుకవాసి పక్కకి పోయింది. ఇంకోదానికి కంటిచుక్క పెద్దది. దొరికినప్పుడల్లా బోర్డులామె నాలుక కరుచుకుంటోంది. ఆడపడుచు శుక్రవారం తర్వాత మొదటిసారి నవ్వింది.

"బాధపడకు వదినా. వాళ్ళ లెక్కలో ఆ ఆరే నువ్వు. మిగతా తొంభై నాలుగూ మిషను."

"తలకిందులు లెక్క. ఆ ఆరూ నా చేతగానితనం. తొంభై నాలుగే నేను."

ఆడపడుచు నవ్వు ఆపేసింది. ఫోనులో ఏదో గబగబా రాసుకుంది.

"మంగళవారం వాళ్ళు గెంటేదాకా ఎందుకు కూర్చోవాలి?" అంది ఉన్నట్టుండి. "నేనే ఎత్తేస్తా. నెలకోసారి మన కబుర్ల ఉత్తరం కావాలని మూడొందల నలభై మంది నాకు అడ్రసులిచ్చారు. అవి అంగడివి కావు, మనవి. వాళ్ళకి రాస్తా. ఒక పేజీ కడతా, ఆర్డరు ఫారం పెడతా. తూకం కొడితే పార్శిలు ఖర్చు చెప్పేది కూడా ఒకటుంది, అది తగిలిస్తా."

"కొంటారంటావా?"

"తెలీదు. కానీ ఈసారి ఒకరినొకరం అడిగే కదా చేస్తున్నాం."

సోమవారం మధ్యాహ్నానికి పేజీ సిద్ధమైంది. పైన ముప్పై ఒక్క పుంజులు బారులు తీరాయి, దేనికది వేరే ఫొటో. వాటి పక్కనే సూది బెజ్జాల కాగితం ఫొటో, దాచకుండా, పెద్దగా. కింద ఆడపడుచు రాసింది: 'ఈ పుంజులన్నీ ఒకేలా ఉంటాయి. అలా ఉండడానికి మా వదినకు ముప్పై ఏళ్ళు పట్టింది. తేడా కావాలనుకునేవాళ్ళు వేరే చోట చూసుకోండి.'

పాత అంగట్లో తమ కొట్టు మూసే బటను నొక్కితే 'నిజంగానే మూసేస్తారా?' అని అడిగింది. నొక్కితే మళ్ళీ అడిగింది. మూడోసారి, పదమూడు వందల మెచ్చుకోళ్ళూ కనబడకుండా పోతాయని చెప్పి అడిగింది. ఆడపడుచు వేలు గాలిలో ఆగిపోయింది. పైన ఎవరో రాసిన మాట ఇంకా కనబడుతోంది, మేకు చోటు చెప్పినందుకు దండాలని.

బోర్డులామె తొందరపెట్టలేదు. "నీ వేలు, నీ ఇష్టం" అంది. "ఆగుదామంటే ఆగుదాం. కప్పుల పక్కనైనా కూర్చుంటా, నీ కోసం."

ఆడపడుచు ముక్కు చీది, నొక్కేసింది.

ఆ తర్వాత నాలుగు రోజుల్లో ఏడు ఆర్డర్లు వచ్చాయి. పాత రోజుల్లో ఏడంటే మధ్యాహ్నం భోజనం లోపు. మొగుడు రేకులు కోయాలా వద్దా అని గుమ్మంలోంచే కళ్ళతో అడిగాడు. కొయ్యమని ఆమె గడ్డంతోనే చెప్పింది.

ఐదో రోజు ఆర్డరు ఫారం అడుగున ఎవరో రాశారు: 'పన్నెండు కావాలి. ఇవి నిజంగా చేత్తోనే వేశారని రుజువేమైనా చూపగలరా?'

"పన్నెండు వదినా!" ఆడపడుచు దాదాపు అరిచింది. "వీడియో తీద్దామా? కాగితంతోనే తీద్దాం, దాచొద్దు. రెండు నిమిషాలే కదా."

"రుజువులు చూపించే పని మొన్నటితో మానేశాం. రాయి. పన్నెండూ తెప్పించుకుని వరసగా గోడకు పెట్టుకుని చూడమను. మనిషి చెయ్యి కాదనిపిస్తే పన్నెండూ వెనక్కి పంపమను, చార్జీలు మనవే."

"కాస్త మెత్తగా రాయనా?"

"చార్జీలు మనవే అన్నాను, ఇంకెంత మెత్తగా?"

ఆడపడుచు ఉన్నదున్నట్టు కొట్టి పంపింది. బోర్డులామె పన్నెండు రేకులు బల్ల మీద పరిచి, మొదటిదాని మీద కాగితం పెట్టి, సుద్దమూట అందుకుంది.

"అడిగినాయన ఇంకా సరే అనలేదు కదా వదినా?"

"అనకపోతే ఇంకొకరంటారు. ఆ మూల కదలకుండా పట్టుకో" అంది బోర్డులామె, మూటతో తడుతూ.